పాత కంప్యూటర్‌లో బయాస్ మార్పు: అవసరమెంత, అపాయమెంత

కంప్యూటర్ మీట నొక్కినప్పటి నుంచి విండోస్ గానీ లినక్స్ గానీ తెర మీదికి వచ్చే వరకు జరిగే పనంతా మదర్‌బోర్డు మీదున్న ఒక చిన్న ఫ్లాష్ చిప్‌లోని బయాస్ అనే ప్రోగ్రామ్ నడిపిస్తుంది. ప్రాసెసర్‌ను సిద్ధం చేయడం, మెమరీ ఎంత ఉందో, అది ఏ వేగాన్ని తట్టుకోగలదో తేల్చుకోవడం, డిస్కులను గుర్తించడం, వాటిలో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడుందో వెతికి దానికి పగ్గాలు అప్పగించడం ఈ ఫర్మ్‌వేర్ బాధ్యతలు. పాతకాలపు బయాస్ స్థానంలోకి యూఈఎఫ్‌ఐ అనే కొత్త తరం ఫర్మ్‌వేర్ వచ్చి పదేళ్లు దాటినా వాడుకలో రెండింటినీ బయాస్ అనే అంటున్నారు కాబట్టి ఇక్కడా ఆ పేరే సరిపోతుంది.

కొత్త కంప్యూటర్‌కు బయాస్ అప్‌డేట్ పెద్ద చర్చనీయాంశం కాదు. తయారీ సంస్థ తరచుగా కొత్త వెర్షన్లు విడుదల చేస్తుంది, వారంటీ ఉంటుంది, తేడా వస్తే బోర్డు మార్చి ఇస్తారు. ఏడెనిమిదేళ్లు దాటిన యంత్రం విషయంలో లెక్క వేరు. దానికి అప్‌డేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, దొరికే చివరి వెర్షన్ కూడా కొన్నేళ్ల కిందటిదే అవుతుంది, బోర్డు పాడైతే అలాంటిదే మరొకటి సంపాదించడం కష్టం. అందువల్ల పాత యంత్రం యజమాని అడగవలసిన ప్రశ్న కొత్త వెర్షన్ ఉందా లేదా అన్నది కాదు. ఆ వెర్షన్ తెచ్చే మేలు ఈ యంత్రానికి మరే దారిలోనూ రాదా అన్నది.

ఈ విషయంలో పరస్పర విరుద్ధమైన రెండు సలహాలు చలామణిలో ఉన్నాయి. నడుస్తున్న యంత్రంలో బయాస్ జోలికి పోవద్దన్నది మొదటిది. ఎప్పటికప్పుడు తాజా వెర్షన్ వేసుకోవాలన్నది రెండోది. మొదటి సలహాకు చరిత్రలో గట్టి కారణమే ఉంది. 1981లో వచ్చిన తొలి ఐబీఎం పీసీలో బయాస్ 8 కిలోబైట్ల పరిమాణంతో, మార్చడానికి వీలులేని రోమ్ చిప్‌లో ఉండేది. దాన్ని మార్చాలంటే చిప్‌నే ఊడదీసి కొత్తది పెట్టవలసి వచ్చేది. 1990లలో ఫ్లాష్ చిప్‌లు వచ్చాక సాఫ్ట్‌వేర్‌తోనే బయాస్‌ను తిరగరాసే వెసులుబాటు కలిగింది, దానితోపాటే దాన్ని సాఫ్ట్‌వేర్‌తో చెడగొట్టే అవకాశమూ వచ్చింది. 1998లో బయటపడిన సీఐహెచ్ వైరస్ ఈ సంగతిని లోకానికి తెలియజెప్పింది. 1999 ఏప్రిల్ 26న అది విండోస్ 95, 98 యంత్రాల్లో డిస్కులను తుడిచివేయడమే కాక, రాతకు అనువుగా ఉన్న బోర్డుల్లో బయాస్‌ను కూడా చెరిపివేసింది. అలాంటి బోర్డులు చిప్ మారిస్తే తప్ప లేవలేదు. రాత మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోయిన రోజులు కూడా అవే. జోలికి పోవద్దన్న మాట అప్పుడు పుట్టింది, అప్పటికి అది సబబైన మాటే.

రెండో సలహాకు ఊపు 2018లో వచ్చింది. ఆ ఏడాది జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడటంతో ప్రతి ఒక్కరూ బయాస్ మార్చుకోవాలన్న ప్రచారం జరిగింది. అయితే ఆ ప్రచారంలో ఒక ముఖ్యమైన వివరం మరుగున పడింది. ప్రాసెసర్ లోపాలను సర్దేది మైక్రోకోడ్ అనే చిన్న భాగం. అది ప్రాసెసర్‌లో శాశ్వతంగా నిలవదు, కరెంటు తీయగానే పోతుంది, ప్రతిసారీ కొత్తగా ఎక్కించవలసిందే. ఆ ఎక్కించే పనిని బయాస్ చేయవచ్చు, ఆపరేటింగ్ సిస్టమ్ కూడా చేయవచ్చు. లినక్స్ పంపిణీలు మైక్రోకోడ్‌ను మామూలు ప్యాకేజీగానే అందిస్తాయి, మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ అప్‌డేట్ల ద్వారా అనేక ఇంటెల్ ప్రాసెసర్లకు దాన్ని అందించింది. అంటే బయాస్ అప్‌డేట్లు ఆగిపోయిన బోర్డుకు కూడా ఆ రక్షణ వేరే దారిలో చేరింది. పైగా తొందరపడినవారికి అప్పట్లో మేలు కంటే ఇబ్బందే ఎక్కువ కలిగింది. ఇంటెల్ తొలుత విడుదల చేసిన మైక్రోకోడ్ వల్ల హాస్వెల్, బ్రాడ్‌వెల్ తరాల యంత్రాలు ఉన్నట్టుండి రీస్టార్ట్ కావడం మొదలైంది. 2018 జనవరి 22న ఆ సంస్థే దాని పంపిణీ ఆపమని కోరింది. అదే ఏడాది ఏప్రిల్‌లో, పెన్‌రిన్, యార్క్‌ఫీల్డ్, బ్లూమ్‌ఫీల్డ్ వంటి మరీ పాత తరాలకు ఆ సవరణ ఇవ్వబోమని కూడా తేల్చి చెప్పింది. ఆ ప్రాసెసర్లు ఉన్నవారు బోర్డు తయారీదారు పేజీని ఎన్నిసార్లు తిరగేసినా దొరికేది ఏమీ లేదు.

వేరే దారిలో రానివి ఏవి?

బయాస్ ఫైలును ఒకే ప్రోగ్రామ్‌గా భావించడం వల్ల గందరగోళం పెరుగుతుంది. నిజానికి అది మైక్రోకోడ్, మెమరీని సిద్ధం చేసే కోడ్, డిస్కులకు, నెట్‌వర్క్‌కు సంబంధించిన డ్రైవర్లు, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న బూట్ ప్రోగ్రామ్‌నే నడవనిచ్చే ఏర్పాటు) తాళాలు, ఇంటెల్ యంత్రాల్లో అయితే మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే మరో చిన్న కంప్యూటర్‌కు కావలసిన ఫర్మ్‌వేర్, అన్నీ కలిపి కట్టిన మూట. వీటిలో మైక్రోకోడ్‌కు ప్రత్యామ్నాయం ఉందని చూశాం. మేనేజ్‌మెంట్ ఇంజిన్‌కు అలాంటిది లేదు; బోర్డు తయారీదారు ఇస్తేనే దానికి సవరణ. 2017 మేలో బయటపడిన ఏఎంటీ లోపం దీనికి మంచి ఉదాహరణ. దూరం నుంచి యంత్రాన్ని నిర్వహించడానికి కార్యాలయాల కంప్యూటర్లలో పెట్టిన ఆ సదుపాయంలోకి, పాస్‌వర్డ్ స్థానంలో ఖాళీ సమాధానం పంపి చొరబడవచ్చని తేలింది. గృహ వినియోగ నమూనాలకు ఆ బెడద లేదని ఇంటెల్ చెప్పింది, అది నిజమే. కానీ ఇళ్లలోకి చేరే పాత కంప్యూటర్లలో ఒకప్పుడు కార్యాలయాల్లో వాడి, తరువాత సెకండ్ హ్యాండ్‌లో అమ్మినవి ఎన్నో ఉంటాయి. 2010 నుంచి 2017 మధ్య తయారైన అలాంటి యంత్రం ఇంట్లో ఉంటే, బయాస్ మార్చడానికి అంతకన్నా బలమైన కారణం వెతకనక్కరలేదు. సవరణ దొరకకపోతే కనీసం ఆ సదుపాయాన్ని సెట్టింగులలో ఆపివేయాలి.

సెక్యూర్ బూట్ సంగతి మరికాస్త చిక్కుగా ఉంటుంది. విండోస్ 8 కాలం నుంచి వచ్చిన యంత్రాల ఫర్మ్‌వేర్‌లో ఆ సంతకాలను సరిచూసే 2011 నాటి మైక్రోసాఫ్ట్ ధ్రువపత్రాలు ఉంటాయి. వాటి గడువు 2026 జూన్ నుంచి అక్టోబరు మధ్య దశలవారీగా తీరుతుంది. గడువు తీరినంత మాత్రాన కంప్యూటర్ మొరాయించదు, ఉన్న విండోస్ యథాతథంగా నడుస్తూనే ఉంటుంది. బూట్ ప్రోగ్రామ్‌కు ఆ తరువాత వచ్చే భద్రతా సవరణలు మాత్రం 2023 నాటి కొత్త ధ్రువపత్రాలు లేని యంత్రానికి అందవు. ఈ కొత్త ధ్రువపత్రాలను ఎక్కువగా విండోస్ అప్‌డేటే చేరవేస్తుంది, కానీ వాటిని సక్రమంగా స్వీకరించడానికి కొన్ని యంత్రాల్లో ముందు బయాస్ మార్చవలసి వస్తుంది. 2025 అక్టోబరు 14న మద్దతు ముగిసిన విండోస్ 10లోనే ఉండిపోయి, పొడిగించిన భద్రతా సేవలో చేరనివారికి ఆ దారి కూడా మూసుకుపోయినట్టే.

హార్డ్‌వేర్ మార్చేటప్పుడు అవసరం సూటిగా కనిపిస్తుంది. 2017 నాటి ఏఎం4 (ఏఎండీ ప్రాసెసర్ల సాకెట్) బోర్డులో రైజెన్ 5000 వరుస ప్రాసెసర్ పెట్టాలంటే బయాస్ మార్చక తప్పదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ బోర్డుల్లో చాలావాటి ఫ్లాష్ చిప్ పరిమాణం 16 మెగాబైట్లే. అన్ని తరాల ప్రాసెసర్లకూ అందులో చోటు చాలక, కొన్ని బోర్డులకు వచ్చిన కొత్త వెర్షన్లు పాత ప్రాసెసర్లను వదిలేశాయి, కొన్ని సెట్టింగుల తెరలను సాదాగా మార్చేశాయి. పాత ప్రాసెసర్ ఉండగానే బయాస్ రాయాలి, రాశాక అదే ప్రాసెసర్‌తో బోర్డు లేవకపోవచ్చు. కాబట్టి కొత్తది చేతిలోకి వచ్చే దాకా ఆగడమే మంచిది. డిస్కుల విషయానికి వస్తే, మామూలు సాటా ఎస్ఎస్‌డీకి ఏ అప్‌డేటూ అక్కరలేదు. అంతకన్నా వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ నుంచి బూట్ కావాలంటే మాత్రం దానికి తగిన డ్రైవర్ బయాస్‌లోనే ఉండాలి. 2014 ప్రాంతపు బోర్డుల్లో కొన్నింటికి అది అప్‌డేట్ రూపంలో వచ్చింది, అంతకుముందు వాటికి దాదాపుగా రాలేదు.

ఇక ఆశించకూడనివి. బయాస్ మార్చితే పాత కంప్యూటర్ వేగం పుంజుకుంటుందన్నది ఉత్త నమ్మకం. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెడితే వచ్చే మార్పులో వందో వంతు కూడా దీనివల్ల రాదు. విండోస్ 11 కోసం బయాస్ మార్చాలనుకోవడం కూడా చాలా సందర్భాల్లో వృథా ప్రయాసే. ఆ వ్యవస్థకు టీపీఎం 2.0 (డిజిటల్ తాళాలను దాచే భద్రతా భాగం) కావాలన్నది అందరికీ తెలిసిన నిబంధన. ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచి పై ప్రాసెసర్లకే అధికారిక మద్దతు ఉందన్నది అంతగా ప్రచారం కాని నిబంధన. 2014 నాటి ప్రాసెసర్‌కు ఏ బయాసూ ఆ అర్హత తెచ్చిపెట్టలేదు. అర్హత ఉన్న యంత్రంలో కూడా టీపీఎం చాలాసార్లు సెట్టింగులలో ఆపి ఉంటుంది కాబట్టి, ఫైలు కోసం వెతికే ముందు ఆ సెట్టింగును వెతకాలి.

రాయడానికి ముందు

అవసరం ఉందని తేలాక చేయవలసిన మొదటి పని బోర్డు ఏదో కచ్చితంగా తెలుసుకోవడం. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ పేజీ, లినక్స్‌లో డీఎంఐడీకోడ్ ఆదేశం బోర్డు పేరును, ప్రస్తుత బయాస్ వెర్షన్‌ను, దాని తేదీని చూపిస్తాయి. పేరు ఒక్కటే చాలదు. ఒకే పేరుతో వచ్చిన బోర్డులో రివిజన్ 1.0కు, 2.0కు చిప్‌లు వేరు, బయాస్ ఫైళ్లు వేరు కావచ్చు. ఆ అంకె తరచుగా బోర్డు అంచు మీద మాత్రమే అచ్చై ఉంటుంది. డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి బ్రాండు కంప్యూటర్లలో అయితే లోపలి బోర్డు ఎవరు తయారు చేసినా, ఆ బ్రాండు ఇచ్చిన ఫైలే వాడాలి. మధ్యలోని ఒకానొక వెర్షన్ వేశాకే చివరి వెర్షన్ వేయాలన్న షరతు కొన్ని యంత్రాలకు ఉంటుంది, ఒకసారి ముందుకు వెళితే వెనక్కి రానివ్వని వెర్షన్లూ ఉంటాయి. ఈ వివరాలు విడుదల పట్టికలో ఏదో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటాయి కాబట్టి ఆ పట్టికను చివరి వెర్షన్ దగ్గర ఆపకుండా మొదటి నుంచి చదవాలి. స్థిరత్వం మెరుగుపడింది అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టిన విడుదల ఆ యంత్రం యజమానికి ఏమీ చెప్పనట్టే.

ఫైలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నది పాత యంత్రాలకు ప్రత్యేకమైన సమస్య. తయారీ సంస్థలు పాత ఫైళ్లను శాశ్వతంగా ఉంచవు; ఇంటెల్ తన పాత బోర్డుల బయాస్ ఫైళ్లను 2019 చివరలో తొలగించింది. వెంటనే వేసుకునే ఉద్దేశం లేకపోయినా చివరి వెర్షన్‌ను దాచుకోవడం ఈ కారణంగానే మంచిది. ఊరూపేరూ లేని డ్రైవర్ అప్‌డేట్ ప్రోగ్రాముల నుంచి బయాస్ తీసుకోవడం ఎంత మాత్రం తగదు. తయారీ సంస్థ ఇచ్చిన ఆటోమేటిక్ అప్‌డేట్ ప్రోగ్రామ్ కూడా అన్నివేళలా నమ్మదగినది కాదని 2019లో బయటపడిన షాడోహ్యామర్ ఉదంతం చూపింది. అందులో దాడి చేసినవారు అసుస్ అప్‌డేట్ సాధనంలోనే హానికర కోడ్‌ను చొప్పించి, దాన్ని ఆ సంస్థ డిజిటల్ సంతకంతోనే పంపిణీ చేయించారు. ఫైలును నేరుగా దించుకుని, చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే సంఖ్య) ఇచ్చి ఉంటే సరిచూసుకుని, బయాస్ లోపలి సాధనంతోనే రాయడం సురక్షితం.

డేటా పోయే ప్రమాదం మాత్రం ఎవరూ అనుమానించని చోట పొంచి ఉంటుంది. విండోస్‌లో డిస్కులోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైజ్ ఎన్‌క్రిప్షన్ గానీ నడుస్తుంటే, డిస్కు తాళం టీపీఎంలో ఉంటుంది. ఫర్మ్‌వేర్ మారిందని గమనించగానే టీపీఎం ఆ తాళం ఇవ్వదు, తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడుందో తెలియనివారికి బోర్డు నిక్షేపంగా ఉన్నా డిస్కులోనిది ఏదీ దక్కదు. కాబట్టి ముందుగా కీని మరో చోట భద్రపరచి, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేసి, ఆ తరువాతే పని మొదలుపెట్టాలి. ఏఎండీ యంత్రాలు కొన్ని అప్‌డేట్ తరువాత మొదటిసారి లేచినప్పుడు టీపీఎంను చెరిపివేయాలా అని అడుగుతాయి. ఎన్‌క్రిప్షన్ వాడుతూ, కీ చేతిలో లేనివారు అక్కడ అవును అంటే చేతులారా డేటా పోగొట్టుకున్నట్టే.

బయాస్ సెట్టింగుల తెరలన్నింటినీ ఫోన్‌తో ఫొటో తీసుకోవడం చిన్న పనిలా కనిపించినా చాలా గందరగోళాన్ని తప్పిస్తుంది. అప్‌డేట్ తరువాత చాలా యంత్రాల్లో సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. పాత కంప్యూటర్లలో డిస్కుతో మాట్లాడే సాటా పద్ధతి ఐడీఈలోనో రెయిడ్‌లోనో ఉండి, అది ఏహెచ్‌సీఐకి మారితే విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది. లెగసీ (పాత బయాస్) పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసిన డిస్కు ఉండి, బయాస్ యూఈఎఫ్‌ఐకి మారితే బూట్ చేయదగిన డిస్కే లేదని చూపిస్తుంది. అప్‌డేట్‌తో కంప్యూటర్ చచ్చిపోయిందని బెంబేలెత్తిన సందర్భాల్లో ఎన్నో ఇలాంటివే. ఒక సెట్టింగు వెనక్కి మార్చితే యంత్రం మామూలుగా నడుస్తుంది.

యంత్రం వయసు తెచ్చే బలహీనతలనూ ముందే చూసుకోవాలి. బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ నీరసించి ఉంటే ముందు దాన్ని మార్చాలి. ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను నిర్ణీత వేగానికి మించి నడపడం) ఉంటే తీసేయాలి. అప్పుడప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయే యంత్రంలో ముందుగా మెమరీని పరీక్షించాలి, ఎందుకంటే రాయవలసిన ఫైలు ఆ మెమరీ గుండానే చిప్‌కు చేరుతుంది. పాత ల్యాప్‌టాప్‌లది మరో చిక్కు. ఛార్జర్ పెట్టి ఉన్నా బ్యాటరీలో కొంత శాతం ఛార్జ్ లేనిదే అప్‌డేట్ సాధనం ముందుకు కదలదు, పూర్తిగా పోయిన బ్యాటరీ ఎప్పటికీ ఆ శాతానికి చేరదు. ఈ తనిఖీని దాటవేసే అడ్డదారులు కొన్ని నమూనాల్లో ఉన్నాయి గానీ, యూపీఎస్ లేకుండా వాటిని వాడటం తెలిసి తెలిసి చేసే సాహసం.

రాసేటప్పుడు, ఆ తరువాత

అసలు రాత మాత్రం కొన్ని నిమిషాల పని. పాత బోర్డులు ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన, తక్కువ సామర్థ్యం గల పెన్‌డ్రైవ్‌ను, వెనుక వైపున్న యూఎస్‌బీ 2.0 పోర్టును ఎక్కువగా ఇష్టపడతాయి. లినక్స్ వాడేవారికి 2015 నుంచి అభివృద్ధిలో ఉన్న ఎఫ్‌డబ్ల్యుయూపీడీ అనే సాధనం సులువైన మార్గమే, కానీ తయారీ సంస్థ ఫైలును ఆ సేవకు ఇచ్చి ఉంటేనే అది పని చేస్తుంది. పాత నమూనాల్లో కొన్నింటికే ఆ భాగ్యం దక్కింది. రాత పూర్తయ్యాక యంత్రం రెండు మూడు సార్లు తనంతట తానే రీస్టార్ట్ కావచ్చు, మెమరీని కొత్తగా తూచుకునే వేళ తెర చాలాసేపు నల్లగా ఉండవచ్చు. ఆ సమయంలో ఓపిక పట్టలేక పవర్ బటన్ నొక్కడం కరెంటు పోవడంతో సమానమైన ముప్పు.

ఒకవేళ నిజంగానే రాత చెడితే దారులు పూర్తిగా మూసుకుపోవు. చాలా బోర్డుల్లో బూట్ బ్లాక్ అనే చిన్న భాగాన్ని అప్‌డేట్ ముట్టుకోదు. అది బతికి ఉంటే, తయారీ సంస్థ చెప్పిన పేరుతో పెన్‌డ్రైవ్‌లో ఉంచిన ఫైలును చదివి మిగతా బయాస్‌ను తిరిగి రాస్తుంది. గిగాబైట్ సంస్థ బోర్డులు కొన్నింటిలో రెండో బయాస్ చిప్ ఉంటుంది. ఇంకొన్ని బోర్డుల వెనుక భాగంలో ప్రాసెసర్, మెమరీ లేకపోయినా బయాస్ రాయగల బటన్ ఉంటుంది. ఇవేవీ లేనప్పుడు మిగిలేది చిప్‌కు క్లిప్ తగిలించి బయటి ప్రోగ్రామర్‌తో రాయడం. దానికి చిప్ 3.3 వోల్టులదో 1.8 వోల్టులదో తెలియాలి, పొరబడితే చిప్ కాలిపోవచ్చు. మరో సంగతి, తయారీ సంస్థ ఫైలును ఉన్నదున్నట్టుగా చిప్ మొత్తం మీద రాస్తే ఆ యంత్రానికి మాత్రమే చెందిన సీరియల్ నంబరు, నెట్‌వర్క్ చిరునామా, కొన్ని యంత్రాల్లో విండోస్ లైసెన్సు కీ కూడా చెరిగిపోతాయి. కాబట్టి చిప్‌లో మిగిలి ఉన్నదాన్ని ముందు చదివి దాచుకోకుండా రాత మొదలుపెట్టడం పని తెలిసినవారు చేయరు.

చివరి వెర్షన్ ఎక్కించుకున్నా ఆ తరువాత బయటపడే లోపాలకు పాత యంత్రంలో సవరణ రాదు. బూట్ సమయంలో కనిపించే లోగో బొమ్మను చదివే కోడ్‌లో దొరికిన లోగోఫెయిల్ లోపం 2023 డిసెంబరులో వెలుగు చూసింది. డిస్కుకు బదులు నెట్‌వర్క్ నుంచి యంత్రాన్ని లేపే నెట్‌వర్క్ బూట్ కోడ్‌లోని పిక్సీఫెయిల్ 2024 జనవరిలో బయటపడింది. అప్పటికే మద్దతు ఆగిన బోర్డులకు వీటి సవరణలు చేరలేదు. అంతమాత్రాన ఆ కంప్యూటర్‌ను పారేయనక్కరలేదు. లోగోఫెయిల్ వంటి లోపాలను వాడుకోవాలంటే దాడి చేసేవారికి సాధారణంగా ముందు ఆపరేటింగ్ సిస్టమ్‌లో అడ్మినిస్ట్రేటర్ అధికారం దక్కాలి, కాబట్టి మద్దతు ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాడుతూ దాన్ని తాజాగా ఉంచుకోవడమే అక్కడ అసలు రక్షణ. ఇంట్లో ఎవరూ వాడని నెట్‌వర్క్ బూట్‌ను ఆపివేస్తే పిక్సీఫెయిల్‌కు దారి ఉండదు. బయాస్‌కు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి, సెక్యూర్ బూట్ వీలైతే ఆన్‌లో ఉంచాలి. థింక్‌ప్యాడ్ ఎక్స్200 వంటి కొన్ని పాత నమూనాలకు, 1999లో లినక్స్‌బయాస్ పేరుతో మొదలైన కోర్‌బూట్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇప్పటికీ కొత్త ఫర్మ్‌వేర్‌ను అందిస్తోంది. అయితే అలాంటి నమూనాలు కొద్ది, వాటిలోనూ మొదటిసారి ఎక్కించడానికి తరచుగా యంత్రాన్ని విప్పి చిప్‌కు క్లిప్ తగిలించక తప్పదు.